వెళ్ళిపోవడం, వెళ్ళిరావడం: తిరువళ్ళూరు, తిరుత్తణి కథలపై ఒక పరిశీలన

తెలుగువాళ్ళం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. చిత్తూరు సీమలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న తమిళనాడు పల్లెల్లోనూ "పోయొస్తా" అనడం వాడుక. తమిళులు "పోయిట్టు వరేన్" అంటారు. రెండు భాషల్లోనూ సెలవు పుచ్చుకునే మాటలోనే తిరిగి రావడం ఇమిడి ఉంది. రాకడను చెప్పకుండా పోకడను మాత్రమే చెప్పడం అశుభమని పెద్దలు కసురుకుంటారు. దీనికి ఎదురుగా "వెళ్ళిపోవు" అనే రూపం ఉంది. "వెళ్ళు"కు "పోవు" సహాయక్రియగా చేరినప్పుడు పని ముగిసిందనీ, ఇక దాన్ని వెనక్కి తిప్పడం కుదరదనీ స్ఫురిస్తుంది. "లేచి వెళ్ళాడు" అంటే ఏదో పని మీద వెళ్ళాడని కూడా అనుకోవచ్చు. "లేచి వెళ్ళిపోయాడు" అంటే మిగిలినవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారని అర్థం. చెప్పాపెట్టకుండా, ఉన్నపళంగా, కట్టుబట్టలతో వంటి మాటలు ఈ రెండో రూపం పక్కనే తరచు చేరుతాయి.

ఇలా ఉన్నట్టుండి వెళ్ళిపోయే ఘట్టాలు మన పురాణాల్లోనూ, కథల్లోనూ కొల్లలుగా ఉన్నాయి. విద్యార్థుల వ్యాసాల్లో ఇటువంటి ఘట్టం వచ్చినప్పుడు సాధారణంగా రెండు పనులు జరుగుతున్నాయి. కారణం మరీ అల్పంగా కనిపిస్తే, దాని వెనుక మరేదో పెద్ద కారణం ఉండి తీరాలని వెదకడం మొదటిది. తర్వాత వచ్చే పశ్చాత్తాపాన్ని "తొందరపాటు తగదు" అనే నీతివాక్యంగా మార్చి వ్యాసం ముగించడం రెండోది. ఈ రెండు పద్ధతులూ కథకు న్యాయం చేయవని మా అభిప్రాయం. వెళ్ళిపోవడానికి కారణం ఈ కథల్లో ఎప్పుడూ చిన్నదే. కథ బరువంతా తిరిగి రావడం మీద, ఆ రాకలో మిగిలే గుర్తు మీద ఉంటుంది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల కథలను తీసుకుని ఈ మాటను నిరూపించదలచాం. ఆ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఒక హేతువుంది. అక్కడ తెలుగూ తమిళమూ శతాబ్దాలుగా ఒకే వీధిలో కాపురం చేస్తున్నాయి. తెలుగుదేశానికి వెలుపల తెలుగు చదువుకుంటున్న మన పాఠకులకు ఆ పరిస్థితి కొత్త కాదు.

ముందుగా ఊళ్ళ పేర్లు చూద్దాం. మామిడిపండు విషయంలో తల్లిదండ్రుల మీద అలిగి కుమారస్వామి కైలాసం విడిచి పళనికి చేరాడన్న కథ అందరికీ తెలిసిందే. లోకాలన్నీ చుట్టి వచ్చినవాడికి ఒక పండు దక్కకపోవడం కారణం. తారకాసురుణ్ణీ శూరపద్ముణ్ణీ గెలిచిన దేవసేనాపతి ఒక పండు కోసం ఇల్లు విడవడం విడ్డూరమే. అయినా ఏ కథకుడూ ఆ కారణాన్ని పెంచి చూపలేదు. ఆ స్వామి యుద్ధం ముగిశాక కోపం చల్లార్చుకున్న చోటు తిరుత్తణి అని స్థలపురాణం చెబుతుంది. తమిళంలో "తణి" అంటే చల్లారు, శాంతించు. తెలుగులో "తనియు", "తనివి" అనే మాటలకు ఇది సోదరపదం. మనం "తనివితీరా" అంటున్నప్పుడల్లా ఈ ధాతువునే పలుకుతున్నాం. తమిళంలో వేడి తగ్గడం, తెలుగులో కోరిక తీరడం: అర్థం కొంచెం పక్కకు జరిగింది కాని మూలంలోని చల్లదనం పోలేదు. ఊరి పేరుకు ప్రజలు చెప్పే వ్యుత్పత్తిని భాషాశాస్త్రం అన్ని వేళలా ఒప్పుకోకపోవచ్చు. ప్రజలు ఆ ఊరిని ఎలా ఊహించుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం అంతకు మించిన ఆధారం లేదు. ఇతర మురుగన్ క్షేత్రాల్లో స్కందషష్ఠినాడు శూరసంహారం ఘనంగా జరుగుతుంది. తిరుత్తణిలో దానికి బదులు పుష్పాంజలి జరుపుతారు. కోపం చల్లారిన చోట కోపాన్ని మళ్ళీ నటించకూడదని అక్కడివారు తీర్మానించుకున్నారన్నమాట.

మద్రాసు నుంచి తిరుత్తణి వెళ్ళే లోకల్ రైలు తిరువళ్ళూరు మీదుగానే పోతుంది. అక్కడి వీరరాఘవస్వామి ఆలయ పుష్కరిణి పేరు హృత్తాపనాశిని, అంటే గుండెలోని తాపాన్ని పోగొట్టేది. అమావాస్యనాడు భక్తులు అందులో బెల్లం వేసి కరిగిస్తారు. ఈ ఊరి కథ వెళ్ళిపోవడానికి సరిగ్గా ఎదురుది. శాలిహోత్ర మహర్షి ఆశ్రమానికి ఒక ముదుసలి అతిథి వచ్చి, ఉన్నదంతా తిని, "పడుకోవడానికి గది ఏది?" అని అడిగి, చూపిన చోటనే పవళించి ఉండిపోయాడట. ఏ గది అన్న ఆ తమిళ ప్రశ్న "ఎవ్వుళ్" అన్నదే ఊరికి పేరైందని అంటారు. ఒక ఊళ్ళో కోపం చల్లారింది, మరో ఊళ్ళో గుండె మంట ఆరుతుంది. "పశ్చాత్తాపం" అనే సంస్కృతపదంలోనూ ఉన్నది తాపమే, వెనుకగా వచ్చే మంట. వెళ్ళిపోయేటప్పటి వేడి కోపం, తర్వాతి వేడి పశ్చాత్తాపం. ఈ ప్రాంతపు ఊహలో ఈ రెండూ ఒకే వేడికి రెండు దశలు. ఆ వేడి తగ్గే తీరు చెప్పడమే కథ పని.

ఇప్పుడు రెండు పెద్ద కథలను దగ్గరగా పరిశీలిద్దాం. మొదటిది సుందరమూర్తి నాయనారుది. 12వ శతాబ్దిలో శేక్కిళార్ రచించిన పెరియపురాణంలో ఇది విస్తారంగా ఉంది. తమిళ శివభక్తుల కథలను 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలోకి తెచ్చుకున్నాడు. నంబి పేరుతో సుందరుడు తెలుగు పాఠకులకూ పరిచితుడే. నేడు చెన్నై నగరంలో భాగమైన తిరువొట్రియూరులో సుందరుడు సంగిలియారును పెళ్ళాడదలచి, ఆమెను విడిచి పోనని ఒట్టు పెట్టవలసి వచ్చింది. ఆయన ఒక ఉపాయం పన్నాడు. గర్భగుడిలో ఒట్టు పెట్టేటప్పుడు శివుడు అక్కడ ఉండకుండా బయటి పొగడచెట్టులోకి వెళ్ళి ఉండాలని వేడుకున్నాడు. శివుడు సరేనన్నాడు, సంగిలియారు కలలో కనిపించి, ఒట్టు పొగడచెట్టు కిందే పెట్టించుకోమని కూడా చెప్పాడు. అలా సుందరుడు తన వలలో తానే పడ్డాడు.

కొంతకాలం గడిచింది. ఒకనాడు దక్షిణపు గాలి వీచింది. ఆ గాలికి తిరువారూరులోని వసంతోత్సవం గుర్తుకొచ్చింది. సుందరుడు బయలుదేరాడు. ఊరి పొలిమేర దాటగానే రెండు కళ్ళూ పోయాయి.

గుళ్ళలో దొరికే కరపత్రాల్లో ఈ కథ ఒట్టు తప్పినందుకు శిక్షగా కుదించబడింది. శేక్కిళార్ గొప్పతనం ఈ కుదింపులో కనిపించదు. ఆయన కారణంగా చూపింది ఒక గాలిని. కలహం లేదు, అనుమానం లేదు, సంగిలియారు వైపు నుంచి ఒక్క పొరపాటూ లేదు. మంచి కవి కనుకనే ఆయన అంతకన్నా పెద్ద కారణం కల్పించలేదు. మనిషిని లేపి నడిపించడానికి గాలి చాలునని ఆయనకు తెలుసు. ఆ నడక ఖరీదు రెండు కళ్ళని కూడా తెలుసు. ఈ రెంటికీ మధ్య ఉన్న అంతరమే ఈ ఘట్టంలోని కావ్యం. కారణాన్ని పెంచితే ఆ అంతరం తగ్గి కథ చప్పబడుతుంది.

గుడ్డివాడైన సుందరుడు నేటి తిరువళ్ళూరు జిల్లాలోని తిరుముల్లైవాయిల్ మీదుగా తిరువెణ్బాక్కం చేరాడు. గుడి ముందు నిలిచి, స్వామీ లోపల ఉన్నావా అని అడిగాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది: ఉన్నాం, మీరు వెళ్ళండి అని. ఊతకు ఒక కర్ర మాత్రం దొరికింది. ఆ జవాబులోని వ్యాకరణాన్ని విద్యార్థులు గమనించాలి. ఇన్నాళ్ళూ స్నేహితుడిలా మెలిగిన దేవుడు ఇప్పుడు తనను బహువచనంలో చెప్పుకుని, ఎదుటివాణ్ణీ గౌరవ బహువచనంలో పొమ్మన్నాడు. మన తెలుగులో "దయచేయండి" అనే మాట రమ్మనడానికీ పొమ్మనడానికీ పనికివస్తుంది. గొంతును బట్టి ఏది అన్నది తెలుస్తుంది. తిరువెణ్బాక్కం జవాబు అటువంటి దయచేయండి. సన్నిహితుల మధ్య హఠాత్తుగా వచ్చిపడే మర్యాద తిట్టు కన్నా గట్టిగా తగులుతుందని సంసారాలు చేసినవారందరికీ తెలుసు. స్థానికులు దీనికి ఒక చేర్పు చేశారు. సుందరుడు కోపంతో ఆ కర్ర విసిరితే నందికి తగిలి కొమ్ము విరిగిందని చెబుతారు. తప్పు చేసినవాడే అలగడం ఆ చేర్పులోని లోకజ్ఞానం.

తర్వాత కంచిలో ఎడమకన్నూ, తిరువారూరులో కుడికన్నూ తిరిగి వచ్చాయి. రెండూ ఒకేసారి, ఒకేచోట రాలేదన్నది ముఖ్యం. వెళ్ళిపోవడం ఒక్క అడుగులో జరిగింది; తిరిగి పొందడం ఊరూరా, విడివిడిగా జరిగింది. ఈ కథలో ఒక లోపాన్ని కూడా మేము ఎత్తిచూపక తప్పదు. ఒట్టు పెట్టించుకున్న సంగిలియారు మనసు సంగతి కథ ఆ తర్వాత పట్టించుకోదు. వెళ్ళినవాడి కళ్ళ గురించి ఇంత చెప్పిన సంప్రదాయం, ఉండిపోయిన మనిషి కళ్ళలోకి చూడలేదు.

రెండో కథ తిరువళ్ళూరు జిల్లాలోని తిరుమళిశైలో పుట్టిన ఆళ్వారుది. వైష్ణవ గురుపరంపరా గ్రంథాల ప్రకారం ఆయన కంచిలో ఉండగా, పల్లవరాజు తనమీద పద్యం చెప్పమని ఆళ్వారు శిష్యుడు కణికణ్ణణ్ణి కోరాడు. శిష్యుడు నరస్తుతి చేయనన్నాడు. రాజు ఊరు విడిచి పొమ్మన్నాడు. శిష్యుడు పోతే నేనెందుకని ఆళ్వారు లేచాడు. లేచి, గుడిలోని స్వామితో, కణికణ్ణన్ పోతున్నాడు, నేనూ పోతున్నాను, నువ్వూ నీ పాముపడక చుట్టుకుని రా అన్నాడు. స్వామి చుట్టుకుని వెంట నడిచాడు. ముగ్గురూ ఒక రాత్రి తలదాచుకున్న చోటే కంచి పక్కనున్న ఓరిరుక్కై అని చెబుతారు. ఊరు కళ తప్పింది. రాజు పరుగున వచ్చి బతిమాలాడు. కణికణ్ణన్ వెనుదిరిగాడు కనుక ఆళ్వారూ, ఆళ్వారు చెప్పాడు కనుక స్వామీ తిరిగి వచ్చారు. చెప్పినట్టు చేసినవాడు కనుక ఆ స్వామికి యథోక్తకారి అని పేరు.

ఇక్కడ ఆళ్వారు పేర చెప్పే రెండు పద్యాల నిర్మాణం చాలా ఆసక్తికరం. పొమ్మనే పద్యమూ, రమ్మనే పద్యమూ దాదాపు ఒకే మాటలతో ఉంటాయి. మారేవి ముఖ్యంగా క్రియలు. మొదటిదాంట్లో పడక చుట్టుకోమని ఉంటే, రెండోదాంట్లో పరచుకోమని ఉంటుంది. వెళ్ళడానికీ రావడానికీ మధ్య దూరం ఒకటి రెండు క్రియలంతేనని కవి చూపిస్తున్నాడు. పద్యం అలా అన్నా, విగ్రహం మరో మాట చెబుతున్నది. ఇతర శయనమూర్తులతో పోలిస్తే ఇక్కడి స్వామి ఎడమ కుడులు తారుమారుగా పవళించి ఉంటాడు. వెళ్ళి తిరిగి వచ్చినందుకు గుర్తు అదేనని భక్తుల నమ్మకం. దేవుడంతటివాడు తిరిగి వచ్చినా, పోయినవాడు పోయినట్టే రాలేదు. మాటల్లో క్రియ మాత్రమే మారింది. ఒంటిమీద వైపే మారిపోయింది. రాతిలో మిగిలిన ఆ తేడాను జనం దాచలేదు, దిద్దలేదు, పూజించారు.

ఇక తెలుగువాళ్ళ వలస కథలకు వద్దాం. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా తమిళదేశానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాల్లో ఒక కథ పలు రూపాల్లో వినిపిస్తుంది. ఒక పాలకుడు తమ ఆడపిల్లను కోరాడు, రాత్రికి రాత్రే ఊరంతా కదిలింది, నది అడ్డు వచ్చింది, గట్టుమీది చెట్టు వంగి వంతెనైంది. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో తొట్టియన్ల ఐతిహ్యంగా ఇది నమోదైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 1976 నాటి "గోపల్లగ్రామం" నవలలో దీన్నే వలస వచ్చిన ముసలమ్మ నోట చెప్పించారు. సైనిక విస్తరణ, సాగుకు అనువైన నల్లరేగడి, కరువులు వంటి కారణాలు చరిత్రకారులు చెబుతారు. అవన్నీ నిజమే కావచ్చు. కథ మాత్రం వాటిని పక్కనపెట్టి ఒక్క రాత్రినీ, ఒక్క పిల్లనూ, ఒక్క చెట్టునూ పట్టుకుంది. తరాల తరబడి మెల్లగా సాగిన వలసను ఒక్క రాత్రి ప్రయాణంగా కుదించడంలో ఒక అవసరం ఉంది. మెల్లగా వదిలి వచ్చామంటే మనమే వదిలామని ఒప్పుకోవాలి. రాత్రికి రాత్రి రావలసి వచ్చిందంటే బాధ్యత మరొకరిది. వెళ్ళినవాళ్ళు చెప్పే కారణం తరచు తర్వాత అల్లుకున్నదే. దాన్ని అబద్ధమని కొట్టిపారేయనక్కర లేదు. పశ్చాత్తాపం ధరించిన వేషమని గుర్తిస్తే చాలు.

గురజాడ 1910లో ప్రచురించిన "దిద్దుబాటు"ను ఈ వరసలో చదివితే కొత్తగా కనిపిస్తుంది. సానుల పాటకు మరిగి రాత్రిళ్ళు ఆలస్యంగా ఇల్లు చేరే గోపాలరావుకు ఒకనాడు భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. ఆమె పుట్టింటికి వెళ్ళిపోయిందని తెలిసి అతడు కుమిలిపోతాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. వెళ్ళిపోయిన మనిషి గడప దాటనేలేదు. సంగిలియారుకు దక్కని రెండూ గురజాడ కమలినికి ఇచ్చాడు, ఉత్తరం రాసే చదువూ, చివరి నవ్వూ. నిజంగా వెళ్ళకుండానే, వెళ్ళితే ఏమవుతుందో చూపించడం ఆ కథలోని మేలిమి. ఒక రాత్రి పశ్చాత్తాపంతో గోపాలరావు మారతాడా అన్న ప్రశ్నకు కథ జవాబివ్వలేదు. ఆ మౌనాన్ని మేము లోపంగా భావించడం లేదు.

ఇంతవరకూ మనుషులు వెళ్ళారు, ఊళ్ళు ఉన్నాయి. తిరుత్తణి విషయంలో మనుషులు ఉండగానే ఎల్లలు కదిలాయి. ఉత్తర ఆర్కాడు నుంచి విడదీసి 1911లో ఏర్పరచిన చిత్తూరు జిల్లాలో తిరుత్తణి చేరింది. 1953లో జిల్లాతోపాటు ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం దరిమిలా 1959లో చేసిన చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి మారింది. సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమైంది. సుందరుడు ఊతకర్ర అందుకున్న తిరువెణ్బాక్కం కూడా నిలిచిన చోట నిలవలేదు. 1944లో పూర్తయిన పూండి జలాశయం కింద పాత ఊరు మునిగిపోగా, గుడిని పూండిలో మళ్ళీ కట్టారు. పోయినవాడి కోసం పాడిన గుడే చివరికి చోటు మారింది.

ఈ మార్పుల్లో మారనిది ఇంటిపేరు. 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ ఇంటిపేరు సర్వేపల్లి, అది నెల్లూరు సీమలోని ఊరు. తమిళదేశంలోని ఎన్నో తెలుగు కుటుంబాలకు ఇలాగే చూడని ఊరు ఇంటిపేరుగా ఉంది. పూర్వులు ఎందుకు బయలుదేరారో ఆ ఇళ్ళలో చెప్పగలిగేవారు అరుదు. ఎక్కడి నుంచి అన్నది మాత్రం సంతకం పెట్టిన ప్రతిసారీ పలుకుతూనే ఉంటుంది. కారణం చెరిగిపోయి గుర్తు మిగలడమంటే ఇదే.

ఈ పరిశీలనకు మన తరగతిగదితో సంబంధం ఉంది. భాషను విడిచి వెళ్ళిపోయినవారి కథలు కూడా ఇలాగే ఉంటాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వంటి పెద్ద కారణాలను మనం సభల్లో చర్చిస్తాం, చర్చించాలి కూడా. విడివిడిగా అడిగితే మాత్రం వినబడేవి చిన్న కారణాలే. మేము ఎరిగిన ఒక విద్యార్థిని "అక్కడ" అనవలసిన చోట తన ఇంటి అలవాటు ప్రకారం "ఆడ" అంది. వెనుక బెంచీలో ఎవరో నవ్వారు. మర్నాటి నుంచి ఆమె తెలుగు తరగతికి రాలేదు, మరో భాష తీసుకుంది. ఏళ్ళు గడిచాక, తన బిడ్డకు అక్షరాలు దిద్దించడానికి వాచకం ఏది మంచిదని అడుగుతూ వచ్చింది. ఒక్క నవ్వుకు భాషను వదిలేశానని ఆమె తనను తాను నిందించుకుంది. కారణం చిన్నదైనంత మాత్రాన ఆమె మనసూ చిన్నదని ఎవరూ అనుకోరాదు. శేక్కిళార్ లెక్కలో గాలి చాలినప్పుడు, నవ్వు చాలదా?

ఆమెకు పశ్చాత్తాపం మీద ఉపన్యాసం అక్కర లేదు. తిరిగి వచ్చే దారి కావాలి. ఆ దారిలో మనం చేయగల తప్పు ఒకటుంది, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడగడం. లేదా తిరువెణ్బాక్కం మర్యాదతో, "మేమున్నాం, తమరు దయచేయండి" అనడం. తిరిగి వచ్చినవారి తెలుగులో తమిళపు యాస ఉంటుంది, కొన్ని వాక్యాలు ఎడమ కుడులు తారుమారుగా ఉంటాయి. వాటిని మొదటిరోజే దిద్దబూనడం సరికాదు. యథోక్తకారి పడక తీరును కంచి ప్రజలు ఎలా చూశారో, మనం ఆ వాక్యాలను అలా చూడగలగాలి. అవి వెళ్ళి వచ్చినదానికి గుర్తులు. దిద్దడానికి ముందుముందు బోలెడు సమయం ఉంటుంది.

చివరగా మన విద్యార్థులకు ఒక పని సూచిస్తున్నాం. సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళినప్పుడు, తమ కుటుంబం ఇప్పుడున్న ఊరికి ఎలా చేరిందో పెద్దలను అడిగి వారి మాటల్లోనే రాసుకోవాలి. చెప్పిన కారణాన్ని వాదించి మార్చవద్దు. వారు "వచ్చాం" అన్నారా, "వచ్చేశాం" అన్నారా, "రావలసి వచ్చింది" అన్నారా, ఆ క్రియను మాత్రం ఉన్నదున్నట్టు నమోదు చేయాలి. ఉండిపోయిన బంధువుల ఊసు వస్తే అదీ రాసుకోవాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు చెప్పినది. ఇలాంటి కథనాలు ఓ పాతిక చేరినా, మన వెళ్ళిపోవడాల వ్యాకరణం రాయడానికి మొదటి సామగ్రి సమకూరుతుంది.